హీటెక్కి ఆగిన ఇంజన్: హెడ్ విప్పే ముందు, విప్పిన తరువాత

కారు ఇంజన్ హీటెక్కి ఆగిన తరువాత మరమ్మతు ఎంత దూరం పోతుందన్నది, ఉష్ణోగ్రత చూపే ముల్లు ఎర్రగీతకు చేరిన మొదటి ఐదు పది నిమిషాల్లో డ్రైవరు ఏం చేశాడన్న దానిమీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుకే షెడ్డులో పనికి ముందు రోడ్డు మీది పని చెప్పుకోవాలి. ముల్లు పైకి పోతున్నట్టు కనబడగానే ఏసీ ఆపి, హీటరును పూర్తిగా పెట్టి, బండిని పక్కకు తీయాలి. మే నెల మధ్యాహ్నం విశాఖ గాజువాకలో హీటరు వేసుకోవడమంటే శిక్షే గాని, హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కనుక ఇంజన్ వేడిలో కొంత భాగాన్ని అది కారు లోపలికి లాగేస్తుంది. బండి పక్కకు చేరాక ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని నిలబడటమే ఆ తరువాతి పని. రేడియేటర్ మూత సుమారు 1 బార్ ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీరు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉంటుంది, మూత తిప్పిన మరుక్షణం ఒత్తిడి పోయి ఆవిరి ముఖాన కొడుతుంది. పైన ఉండే హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేవరకు, అంటే ముప్పావు గంటో గంటో, మూత జోలికి పోకూడదు. పక్క టీ కొట్టు నుంచి బకెట్టెడు చన్నీళ్లు తెచ్చి ఇంజన్ మీద కుమ్మరించడం సహాయం చేయబోయి చేసే అపకారం. కాలిన లోహం మీద చన్నీళ్లు పడితే ఇంజన్ పైభాగమైన హెడ్డో, సిలిండర్లుండే కిందిభాగమైన బ్లాకో బీటలు వారవచ్చు. ఘాట్ రోడ్డులో ఇంజన్ ఆపేసి వాలులో బండిని జార్చుకుంటూ దిగడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ఇంజన్ ఆగిన కాసేపటికే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

ముల్లు విషయంలో ఒక మోసం ఉంది, దానికి నేనే బలయ్యాను. కొన్నేళ్ల క్రితం శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుండగా, టైడా సమీపంలో నా పాత కారు ముల్లు ఎర్రగీత దాకా వెళ్లి, ఆపుదామా వద్దా అని నేను ఆలోచిస్తున్నంతలోనే దానంతటదే కిందికి దిగింది. చల్లబడిందనుకుని మరో నాలుగు కిలోమీటర్లు నడిపాను. నిజానికి కింది హోస్ పైపు క్లిప్పు వదులై, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, అంతా రోడ్డు పాలయింది. ఉష్ణోగ్రత చూపే సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉన్నంతసేపే సరిగా పనిచేస్తుంది. కూలెంట్ పోయి దాని చుట్టూ గాలి మాత్రమే మిగిలితే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు దిగిపోవచ్చు. ఆ తరువాత ఒక షెడ్డులో కొలతలేవీ తీయకుండా హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సందు మూసే పలుచని గాస్కెట్ ఒక్కటి మార్చి బిగించి ఇచ్చారు. మూడు వారాలు తిరగకముందే ఇంజన్ మళ్లీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. రెండోసారి విప్పి స్కేలు పెట్టి చూస్తే హెడ్ మధ్యలో 0.15 మిల్లీమీటర్ల వంపు కనబడింది. ఇక్కడ కొలతల గురించి నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

ఆ వంపు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మిగతా పనంతా సులభంగా అర్థమవుతుంది. చాలా కార్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియంతో, బ్లాకు పోత ఇనుముతో తయారవుతాయి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్ మామూలు వేడికంటే మరో 100 డిగ్రీలు పెరిగితే 0.9 మిల్లీమీటర్ల మేర సాగాలని చూస్తుంది, కింద ఉన్న బ్లాకు అందులో సగమే సాగుతుంది, ఈ రెండింటినీ కలిపి పట్టుకున్న బోల్టులేమో కదలనివ్వవు. పొడవునా సాగే దారి లేని హెడ్ మధ్యలో పైకి లేస్తుంది. రెండింటి నడుమ నలిగిన గాస్కెట్ ఏదో ఒక చోట, చాలాసార్లు రెండు సిలిండర్ల మధ్య ఉండే సన్నని భాగంలో, తెగుతుంది. బ్లాకు కూడా అల్యూమినియందే అయిన ఇంజన్లలో ఈ తేడా తక్కువ గాని, వేడి అంతటా సమానంగా పరుచుకోదు కనుక వంపు అక్కడా వస్తుంది.

విప్పకముందు చూడవలసినవి

బండిని షెడ్డుకు లాక్కువెళ్లాక ఎవరైనా మొదట చేసేది తాళం తిప్పి చూడటం. అది చేయకూడదు. గాస్కెట్ తెగి సిలిండర్‌లోకి కూలెంట్ చేరి ఉంటే, గాలిలా నీరు నొక్కుకుపోదు కనుక స్టార్టర్ బలానికి పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇంజన్ ప్రధాన ఇరుసు (క్రాంక్) చివరి పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ప్లగ్గు రంధ్రం నుంచి నీళ్లు చిమ్మితే ఏ సిలిండరో అక్కడే తెలిసిపోయింది. అసలు తిరగనే తిరగకపోతే పిస్టన్లు పట్టేశాయని అర్థం, అప్పుడు ఇక మిగతా పరీక్షలతో పనిలేదు. తీసిన ప్లగ్గులను వరుసగా ఒక గుడ్డ మీద పేర్చి చూడండి. మూడు గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తుంటే, ఆ సిలిండర్‌లోకి ఆవిరి వెళుతూ దాన్ని కడుగుతోందన్నమాట.

ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులోకి మారి, మట్టం కూడా పెరిగి ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలిసింది. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే వెన్నలాంటి పొర ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే తొందరపడనక్కర్లేదు. రోజూ రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగని బండ్లలో, ముఖ్యంగా మన విశాఖలాంటి తేమ గాలిలో, ఆ పొర ఊరకే కూడా ఏర్పడుతుంది.

ఇంజన్ తిరుగుతోంది, సిలిండర్లలో నీళ్లు లేవు అని తేలాక కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి, చూడాలి. బ్యాటరీ నిండా చార్జి ఉండాలి, ప్లగ్గులన్నీ తీసి ఉండాలి, పెట్రోలు, ఇగ్నిషన్ రెండూ ఆపి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. ఒక్కో సిలిండర్‌కు గేజ్ బిగించి నాలుగైదు సార్లు తిప్పితే ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్ సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 11 నుంచి 14 కిలోల వరకు చూపుతుంది. డీజిల్ ఇంజన్ ఒత్తిడి దానికి రెట్టింపు పైనే ఉంటుంది, దానికి వేరే గేజ్ కావాలి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గాస్కెట్ తెగిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఒక్కటే తక్కువగా ఉంటే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో ఉంది, పెరగకపోతే వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉంది. ఇంజన్ నడిచే స్థితిలో ఉంటే చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, బుడగలు ఆగకుండా పైకి వస్తున్నాయేమో కూడా చూడవచ్చు. కొన్ని షెడ్లలో నీలి ద్రవం ఉన్న గాజు గొట్టాన్ని రేడియేటర్ నోటికి పెట్టి, పైకి వచ్చే గాలిని దానిలోంచి పంపి చూస్తారు. మండిన వాయువు తగిలితే నీలం పసుపుగా మారుతుంది. అంత తేటగా తేల్చే పరీక్ష మరొకటి లేదు, అడిగి చేయించుకోండి.

అసలు హీటెందుకెక్కింది

గాస్కెట్ పోయినందువల్ల హీటెక్కిందని చాలామంది అనుకుంటారు. తొంభై పాళ్లు వ్యవహారం తలకిందులుగా ఉంటుంది: వేరే ఏదో పాడై హీటెక్కింది, హీటు వల్ల గాస్కెట్ పోయింది. ఆ వేరే ఏదో దొరకకుండా హెడ్ బిగిస్తే మళ్లీ అదే కథ.

బండి ఎక్కడ హీటెక్కిందో గుర్తు చేసుకోవడం ఇందులో సగం పని. ఎన్‌ఏడీ కూడలిలో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు హీటెక్కి, హైవే ఎక్కి వేగం అందుకోగానే తగ్గేదైతే ఫ్యాను వైపు చూడాలి: మోటారు, రిలే, ఫ్యూజు, దాన్ని నడిపే సెన్సరు. నిలబడినప్పుడు బాగానే ఉండి, ఆనందపురం దాటి వేగంగా పోతున్నప్పుడో ఘాట్ ఎక్కుతున్నప్పుడో హీటెక్కేదైతే కూలెంట్ ప్రవాహంలో లోపం ఉంది: రేడియేటర్ లోపల మూసుకుపోయిందా, వాటర్ పంపు రెక్కలు అరిగాయా, వేడెక్కాక కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకోవడం లేదా. రేడియేటర్ మూతను కూడా తేలికగా తీసుకోకూడదు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఒత్తిడి నిలపలేని పాత మూతతో ఘాట్ ఎక్కే ఇంజన్ పరిస్థితి కూడా ఆ గిన్నె పరిస్థితే.

సముద్రపు ఒడ్డున ఉండే బండ్లకు ఇంకో బాధ ఉంది. ఉప్పుగాలి రేడియేటర్ ముందు భాగంలోని పలుచని అల్యూమినియం ఆకులను తినేస్తుంది. బయటికి చూస్తే అంతా బాగానే కనబడుతుంది, గోటితో నెమ్మదిగా నొక్కితే తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఆకులు రాలిన రేడియేటర్‌లో గొట్టాలు ఎంత శుభ్రంగా ఉన్నా వేడి గాలిలోకి పోదు, దాన్ని మార్చవలసిందే. లోపలి వైపు శత్రువు బోరు నీళ్లు. కూలెంట్ తగ్గినప్పుడల్లా దొరికిన నీళ్లు పోస్తూ పోతే, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే గొట్టాల్లోనూ పడుతుంది.

థర్మోస్టాట్‌ను వంటింట్లోనే పరీక్షించవచ్చు. దారంతో కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచి వేడి చేయాలి. దానిమీద చెక్కిన అంకె, చాలా బండ్లలో 82 లేదా 88, దగ్గరికి రాగానే అది కదలడం మొదలుపెట్టి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. కొందరు మెకానిక్కులు “ఈ ఎండలకి ఆ వాల్వ్ ఎందుకు సార్, తీసి పారేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది” అంటారు. వినకండి. థర్మోస్టాట్ లేని ఇంజన్ చాలాసార్లు తగినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ చెడుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో అది లేకపోతే కూలెంట్ రేడియేటర్‌ను తప్పించుకుని పక్కదారిన తిరుగుతూ ఇంకా ఎక్కువ హీటెక్కుతుంది. రేడియేటర్‌లో పోస్తే లీకు ఆగిపోతుందని అమ్మే పొడుల విషయంలోనూ నాది ఇదే మాట. అవి తెగిన గాస్కెట్‌కంటే ముందు హీటరు సన్నగొట్టాలను మూసేస్తాయి.

హెడ్ దించడం

ఈ పని సొంతంగా చేసుకోదలచినవారికి ఆ ఇంజన్ సర్వీస్ మాన్యువల్, బోల్టు బిగువును కొలిచే టార్క్ రెంచ్, రెండు ఖాళీ రోజులు ఉండాలి. లేనివారు మెకానిక్‌తో చేయించుకుంటూ పక్కన నిలబడినా చాలు, ఏం అడగాలో తెలిస్తే. ఇంజన్ రాత్రంతా ఆరి పూర్తిగా చల్లబడి ఉండాలి; వెచ్చగా ఉన్నప్పుడు బోల్టులు వదిలిస్తే లేని వంపు కూడా వస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీయాలి. కూలెంట్‌ను బకెట్‌లో పట్టి వెంటనే మూత పెట్టాలి, ఎందుకంటే అందులోని గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలను, పిల్లులను ఆకర్షిస్తుంది, కొద్దిగా తాగినా ప్రాణం తీస్తుంది. ప్రతి వైరు, ప్రతి పైపు తీసేముందు ఫోనుతో ఫొటో తీయాలి. టైమింగ్ బెల్టు లేదా చైను తీసేముందు క్రాంక్, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ గుర్తులు మాన్యువల్‌లో చెప్పినట్టు కలిపి పెట్టాలి.

హెడ్ బోల్టులను చివరల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తూ, రెండు మూడు విడతల్లో వదిలించాలి. ఒక అట్టముక్క మీద హెడ్ బొమ్మ గీసి, బోల్టులున్న చోట్ల చిల్లులు పొడిచి, తీసిన బోల్టును తీసినట్టు అందులో గుచ్చితే ఏది ఎక్కడిదో తికమక ఉండదు. హెడ్ ఊడి రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదోయకూడదు. ఆ ఒక్క గాటు చాలు, కొత్త గాస్కెట్ కూడా అక్కడే లీకవుతుంది. దించిన పాత గాస్కెట్‌ను వెంటనే పారేయకండి. తెగిన చోట నల్లగా కాలి, సన్నని నిప్పుదారిలా గీత కనబడుతుంది. హెడ్‌లో, బ్లాకులో ఆ గీతకు ఎదురుగా ఉన్న చోటనే మరింత శ్రద్ధగా చూడాలి.

స్కేలు, ఫీలర్ గేజ్

హెడ్ అడుగుభాగాన్ని శుభ్రం చేసేటప్పుడు గ్రైండరుకు తగిలించే గరుకు చక్రాలు వాడకూడదు, అవి అల్యూమినియంలో పల్లాలు పెడతాయి, వాటి పొడి ఆయిల్ దారుల్లోకి పోయి తరువాత బేరింగులను తినేస్తుంది. చెక్కతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో నిదానంగా తీయాలి. తరువాత కచ్చితమైన స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని అంచున్న స్కేలు) ఒకటి తీసుకుని, పొడవునా రెండు అంచుల వెంట, అడ్డంగా రెండు చివరల దగ్గర, మూల నుంచి మూలకు రెండు వైపులా, మొత్తం ఆరు చోట్ల నిలబెట్టి చూడాలి. వెనక ట్యూబులైటు వెలుగు ఉంటే సందు ఎక్కడుందో కంటికే కనబడుతుంది. ఎంతుందో ఫీలర్ గేజ్, అంటే మందం రాసి ఉన్న పలుచని రేకుల కట్ట, చెబుతుంది. 0.05 మిల్లీమీటర్ల రేకు సందులో దూరిందంటే చాలా కార్ల హెడ్లకు అది హద్దు, మీ ఇంజన్‌కు కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. నా హెడ్‌లో 0.15 రేకు వెన్నలో కత్తిలా దూరిపోయింది. హెడ్ చూసి సరిపెట్టుకోకుండా బ్లాకు పైభాగాన్ని కూడా ఇదే పద్ధతిలో చూడాలి. చాలామంది ఇది చూడరు.

వంపు ఉంటే లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ కొట్టించాలి, అంటే అడుగును చెక్కి చదును చేయించాలి. ఆటోనగర్‌లో ఈ పని చేసేవారు దొరుకుతారు గాని, హెడ్ ఇచ్చేసి సాయంత్రం వస్తానని వెళ్లిపోకూడదు. ముందు చీలికల పరీక్ష చేయించాలి, ఫేసింగ్ కొట్టాక చీలిక బయటపడితే ఆ డబ్బు వృథా. నీటి దారులన్నీ మూసి, లోపలికి గాలి ఒత్తిడి ఎక్కించి, వేడినీళ్ల తొట్టిలో ముంచితే చీలిక ఉన్న చోట బుడగలు వస్తాయి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్ల మధ్య ఉండే సన్నని వంతెనే ఎక్కువగా చీలేది. ఎంత లోహం తీస్తున్నారో అడగాలి, ముందు ఎత్తు, తరువాతి ఎత్తు కాగితం మీద రాయించుకోవాలి. మాన్యువల్ ఇచ్చిన హద్దు దాటి తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్లకు మరీ దగ్గరవుతాయి. కొన్ని హెడ్లకు అసలు ఫేసింగే కొట్టకూడదని తయారీదారే చెబుతాడు.

ఇక్కడ చాలామంది జారిపోయే మాట ఒకటుంది. క్యామ్ షాఫ్ట్ హెడ్ మీదే తిరిగే ఇంజన్లలో హెడ్ వంగితే అడుగు ఒక్కటే కాదు, పైన క్యామ్ కూర్చునే బేరింగుల వరుస కూడా వంగుతుంది. అడుగు చెక్కి చదును చేసినంత మాత్రాన పైవరుస తిన్నబడదు. వాల్వులు లేకుండా ఉత్త క్యామ్‌ను దాని చోట పెట్టి, క్యాపులు బిగించి, వేళ్లతో తిప్పితే అది ఎక్కడా పట్టకుండా తిరగాలి. పట్టేస్తుంటే ఆ హెడ్‌ను వేడిచేసి తిన్నగా వంచే అనుభవం ఉన్నవారికి ఇవ్వాలి, లేదా వేరే హెడ్ చూసుకోవాలి. బాగా కాలిన అల్యూమినియం మెత్తబడి గట్టితనం కోల్పోతుందని కూడా గుర్తుంచుకోవాలి. అలాంటి హెడ్‌ను ఎంత నునుపుగా చెక్కినా బోల్టుల బిగువు కింద మళ్లీ అణుగుతుంది. వాల్వులు బిగించాక పోర్టుల్లో (గాలి, పొగ వెళ్లే దారుల్లో) కిరోసిన్ పోసి పావుగంట ఉంచి, అవతలివైపు చెమ్మ దిగుతోందేమో చూస్తే సీట్ల సంగతి తేలిపోతుంది.

బ్లాకులో ఒక్కో పిస్టన్‌ను కిందికి దించి సిలిండర్ గోడలను టార్చి వేసి చూడాలి. నిలువుగా గీతలు పడి, గోరు వాటికి తట్టుకుంటుంటే పని గాస్కెట్‌తో తీరదు, బోరింగ్ కొట్టించి పెద్ద సైజు పిస్టన్లు వేయించాలి. అంతదాకా వస్తే, మంచి స్థితిలో ఉన్న పాత ఇంజన్ వేయించుకోవడం లాభమా కాదా అని అక్కడే ఆగి లెక్క వేసుకోవడం మంచిది. నా అభిప్రాయంలో పదేళ్లు దాటిన చిన్న కారుకు చాలాసార్లు అదే లాభం.

బిగింపు

బ్లాకులోని బోల్టు రంధ్రాల్లో ఆయిల్ గాని నీరు గాని నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ అది నొక్కుకుపోలేక బ్లాకునే పగలగొడుతుంది, లేదంటే టార్క్ రెంచ్‌కు తప్పుడు బిగువు చూపుతుంది. గుడ్డతో పీల్చి, గాలి కొట్టి ఆరబెట్టాలి. ఈ రోజుల్లో చాలా ఇంజన్ల హెడ్ బోల్టులు బిగించేటప్పుడే కొద్దిగా సాగేలా తయారై ఉంటాయి, వాటిని రెండోసారి వాడకూడదు. కొత్త గాస్కెట్ మీద పైవైపు గుర్తు ఉంటుంది. మాన్యువల్ చెబితే తప్ప దానికి ఏ బంకా పూయకూడదు. బోల్టులను మధ్య నుంచి చివరలకు, విప్పిన దానికి సరిగ్గా ఎదురు వరుసలో, విడతలుగా బిగించాలి. ముందు ఒక మోస్తరు టార్క్, ఆ తరువాత 90 డిగ్రీల చొప్పున ఒకటి రెండు మలుపులు అన్నది సాధారణంగా కనబడే పద్ధతి, అంకెలు మాత్రం ఇంజన్‌కు ఇంజన్‌కు వేరు. “నా చెయ్యే టార్క్ రెంచ్” అనే మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా ఈ ఒక్క పని అతని చేతికి వదలకండి. టైమింగ్ కలిపాక స్టార్టర్ ముట్టకుండా క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని, గుర్తులు మళ్లీ కలిశాయని చూసుకోవాలి.

వాటర్ పంపు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, హోస్ పైపులు, వాటి క్లిప్పులు ఇప్పుడే మార్చేయాలి. కూలెంట్ గాఢద్రవమైతే సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్; నేరుగా పోసేదైతే దానిలో ఏమీ కలపకూడదు. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటరు వేడి వైపు తిప్పి, నెమ్మదిగా పోస్తూ, గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని తెరిచి, పై పైపును చేత్తో నొక్కుతూ లోపలి గాలిని బయటికి పంపాలి. పైపు నొక్కినప్పుడల్లా గుడగుడమని ఒక బుడగ వచ్చి మట్టం ఒక వేలెడు దిగుతుంది; ఇక దిగడం లేదన్నప్పుడు మూత పెట్టాలి. ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉంటే ఫిల్టరుతో పాటు కొత్త ఆయిల్ పోసి, ఇంజన్‌ను పావుగంట నడిపి, దాన్ని కూడా తీసేసి మళ్లీ పోయాలి. ఫ్యాను తనంతట తాను రెండుసార్లు తిరిగి ఆగేవరకు బండి కదలకుండా నిలబెట్టి నడపాలి.

మొదటి పరుగుకు తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు సరిపోతుంది, ఎత్తు పల్లాలు తక్కువ, ఎక్కడైనా పక్కకు ఆగవచ్చు. అది సాఫీగా జరిగితే రెండో రోజు సింహాచలం కొండ ఎక్కించి చూడండి. అరకు మాట 500 కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ మరోసారి చూసుకున్నాక. ప్రతి పరుగుకు ముందు కూలెంట్ డబ్బా మీద మార్కర్ పెన్నుతో మట్టం గీసి, మర్నాడు పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ గీతతో పోల్చి చూడాలి. మొదటి రెండు రోజుల్లో మిగిలిన గాలి బయటికి వచ్చి మట్టం కొద్దిగా తగ్గడం మామూలే. మూడో పొద్దున కూడా గీత కిందికే ఉంటే బండిని బయటికి తీయకుండా రేడియేటర్ మూత తీసి చూసే బుడగల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.